రాళ్లకి అతుక్కున్న గుల్లలు, రిపోర్టులో ఆర్సెనిక్

ప్రశ్న: నాకు ఇప్పుడు నాలుగో నెల. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. ఆదివారం వస్తే చాలు, మావారు ఏరు సముద్రంలో కలిసే చోటికి వెళ్లి రాళ్లకి అతుక్కుని ఉన్న మసెల్స్, ఆయిస్టర్లు గీకి తెస్తారు. అప్పుడప్పుడు పీతలు కూడా. ఆ పక్కనే పడవలు రిపేరు చేసే పాత షెడ్డు ఒకటి ఉంది. ఈ మధ్య ఆయన చేయించుకున్న టెస్టుల్లో మూత్రంలో ఆర్సెనిక్ ఎక్కువగా ఉందని వచ్చింది. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. ఆయనేమో రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెట్టి బాగా ఉడికిస్తే ఏమీ మిగలదంటారు. మా అత్తగారు రక్తం పడుతుంది, తినమంటారు. కొన్ని ఆయిస్టర్లు లోపల పచ్చగా కనిపిస్తున్నాయి. ఒంట్లో లోహాలన్నీ లాగేస్తుందని ఒకావిడ ఏదో డీటాక్స్ పౌడరు వాడమంది. ఇవన్నీ పూర్తిగా మానేయాలా? (పేరు రాయొద్దన్నారు)

జవాబు: ముందు ఆ ఆర్సెనిక్ సంగతి చూద్దాం. మీకు నిద్ర పట్టనివ్వనిది అదేగా.

మీ ఆయన్ని ఒక్క మాట అడగండి, శాంపిల్ ఇచ్చింది ఏ రోజని. సోమవారమో మంగళవారమో అంటే నాకేం ఆశ్చర్యం లేదు. సముద్రంలో దొరికే చేపల్లో, రొయ్యల్లో, పీతల్లో, గుల్లల్లో ఆర్సెనిక్ సహజంగానే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఆర్సెనోబీటైన్ అనే రూపంలో ఉంటుంది. అది ఒంట్లో ఎవరి జోలికీ పోదు. వచ్చింది వచ్చినట్టే కొద్ది రోజుల్లో మూత్రంలో వెళ్లిపోతుంది. తాగునీటిలో ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరి చర్మానికి, ఊపిరితిత్తులకి, మూత్రాశయానికి క్యాన్సర్ తెచ్చే ఆర్సెనిక్ వేరు. దాన్ని అకర్బన ఆర్సెనిక్ అంటారు. మామూలు టెస్టుకి ఈ రెండింటి తేడా తెలీదు. రెండూ కలిపి మొత్తం ఇంత అని అంకె వేసి, పక్కన ‘ఎక్కువ’ అని రాసేస్తుంది. ఆదివారం కడుపునిండా గుల్లలు తిన్న మనిషికి సోమవారం ఆ అంకె పెరగకపోతేనే వింత.

కాబట్టి ఐదు రోజులు సముద్రపు తిండి ఏదీ ముట్టకుండా ఉండి, మళ్లీ శాంపిల్ ఇవ్వమనండి. ఎండు చేపలు, సముద్రపు నాచు కూడా వద్దు. ఆర్సెనిక్‌ని రూపాల వారీగా విడదీసి చెప్పే టెస్టు ఉంది, స్పీసియేషన్ అంటారు. వీలైతే అది చేయమని ల్యాబ్‌లో అడగండి. ఇక్కడో మెలిక ఉంది. మసెల్స్ లాంటి వాటిలో ఆర్సెనోషుగర్స్ అని ఇంకో రకం కూడా ఉంటుంది. మన ఒంట్లో అది మారి తయారయ్యే పదార్థం, అకర్బన ఆర్సెనిక్ వల్ల తయారయ్యే పదార్థం ఒకటే. అందుకే విడదీసి చూసే టెస్టుకి కూడా ఆ ఐదు రోజుల పత్యం తప్పదు. అప్పటికీ అంకె ఎక్కువే వస్తే గుల్లల్ని అనుమానించడం మాని, ముందు మీరు తాగే నీళ్లు పరీక్ష చేయించండి.

ఆర్సెనిక్ గురించి ఊరట చెప్పాను కదా అని ఆదివారం ప్రోగ్రాం ఎప్పటిలాగే సాగించమని కాదు. మీ ఇంట్లో పట్టించుకోవాల్సిన లోహాలు వేరే ఉన్నాయి. ఒకటి కాడ్మియం, రెండోది సీసం.

ఇక నానబెట్టడం గురించి. మీ ఆయన చెప్పేది ఎక్కడ సరైందో, ఎక్కడ తప్పిందో తెలియాలంటే ఆ జీవి ఎలా బతుకుతుందో చూడాలి. గాజు తొట్టిలో మడ్డిగా ఉన్న సముద్రపు నీళ్లు పోసి గుప్పెడు మసెల్స్ వేయండి. కాసేపటికి చిప్పలు సన్నగా తెరుచుకుంటాయి. కొన్ని గంటల్లో నీళ్లు అద్దంలా తేరుకుంటాయి. తొట్టి అడుగున మాత్రం సన్నటి పోగుల్లా చెత్త పేరుకుంటుంది. నీళ్లని లోపలికి లాక్కోవడం, తిండి ఉంచుకుని మిగతాది బయటికి నెట్టేయడం, రాత్రీ పగలూ దాని పని ఇదే. పరిస్థితులు బాగుంటే ఒక పెద్ద ఆయిస్టర్ రోజుకి 190 లీటర్ల దాకా వడకడుతుంది. ఇలా వడకట్టేటప్పుడు నీళ్లలో, బురద రేణువుల్లో ఉన్న లోహం దాని ఒంట్లోకి చేరుతుంది. అక్కడ మెటలోథయోనీన్ అనే ప్రొటీను కాడ్మియాన్ని, రాగిని, జింక్‌ని గట్టిగా పట్టేసుకుంటుంది. అలా తనకి హాని లేకుండా చేసుకుని దాచుకుంటుంది. అందుకే చుట్టూ ఉన్న నీళ్లలో కన్నా దాని మాంసంలో కొన్ని లోహాలు వేల రెట్లు ఎక్కువగా ఉంటాయి. నీళ్లని పరీక్షించే బదులు గుల్లల్నే పరీక్షిస్తే తీరం సంగతి తెలిసిపోతుందన్న ఆలోచన ఇందులోంచే పుట్టింది. అమెరికాలో 1986 నుంచి ‘మసెల్ వాచ్’ పేరుతో ఆ పని చేస్తున్నారు.

రాత్రంతా ఉప్పునీళ్లలో ఉంచితే పోయేది పేగుల్లో ఉన్న ఇసుక, బురద. చొక్కాకి పట్టిన దుమ్ము దులిపితే రాలుతుంది, అద్దకం రంగు రాలదు. కణాల్లో ప్రొటీనుకి అతుక్కున్న కాడ్మియం పోవాలంటే శుభ్రమైన నీళ్లలో నెలల తరబడి ఉండాలి. బాక్టీరియాని తగ్గించడానికి గుల్లల్ని ఒకటి రెండు రోజులు శుద్ధిచేసిన నీళ్లలో ఉంచే కేంద్రాలున్నాయి. లోహాల విషయంలో వాళ్లకీ పెద్దగా ఒరిగేదేం లేదు. ఉడికించినా అంతే. లోహం ఓ మూలకం, మంటకి విరిగిపోదు. పైగా ఉడికేకొద్దీ మాంసంలో నీరు పోయి ముద్ద చిన్నదవుతుంది కాబట్టి గ్రాముకి లోహం కాస్త పెరుగుతుంది కూడా. కొంత ఉడికిన నీళ్లలోకి దిగొచ్చు. ఆ నీళ్లు పారబోయడం మంచిదే గానీ, దాంతో పని అయిపోయిందనుకోకండి.

కాడ్మియం మీద ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అది అద్దె కట్టని కిరాయిదారు లాంటిది. తిండిలో వచ్చిన దాంట్లో పెద్దవాళ్ల ఒంటికి పట్టేది నూటికి మూడో నాలుగో ఐదో వంతులే. కానీ పట్టింది నేరుగా వెళ్లి కిడ్నీల్లో కూర్చుంటుంది. అందులో సగం బయటికి పోవడానికి 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. మెల్లగా కిడ్నీల వడపోత దెబ్బతింటుంది, ఎముకలు గుల్లబారతాయి. జపాన్‌లోని తొయామా ప్రాంతంలో గనుల నుంచి జింజు నదిలో కలిసిన కాడ్మియం వరిలోకి చేరి ఎంతోమందికి ఎముకలు పెళుసెక్కిపోయాయి. ఆ జబ్బుని ‘ఇతై ఇతై’ అన్నారు, అంటే ‘అబ్బా, అబ్బా’ అని. మూలగడమే దానికి పేరైపోయింది. ఎక్కువగా బాధపడింది పిల్లల్ని కని నడివయసు దాటిన ఆడవాళ్లు. అది గుల్లల వల్ల వచ్చింది కాదు, తిన్న మోతాదులూ వేరు. మీ ఆదివారాలతో దాన్ని పోల్చుకుని భయపడకండి. ఈ లోహం ఎవరిని ముందు పట్టుకుంటుందో తెలియాలని చెప్పానంతే.

మీ పళ్లెం లెక్క చూద్దాం. ఐరోపా ఆహార భద్రత సంస్థ 2009లో పెట్టిన హద్దు ప్రకారం వారానికి ఒంటి బరువు కిలోకి 2.5 మైక్రోగ్రాముల కాడ్మియం మించకూడదు. మీరు 60 కిలోలనుకుంటే వారానికి 150 మైక్రోగ్రాములు. చిప్పల్లో ఉండే గుల్లల మాంసంలో కిలోకి 1 మిల్లీగ్రాము దాకా కాడ్మియాన్ని ఐరోపా నియమాలు అనుమతిస్తాయి, అంటే గ్రాముకి 1 మైక్రోగ్రాము. ఆ హద్దు దగ్గర ఉన్న గుల్లల మాంసం 150 గ్రాములు తింటే మీ వారం కోటా ఒక్క పూటలో అయిపోయింది. మిగతా రోజుల్లో తినే గింజల్లో, కూరగాయల్లో వచ్చే కాడ్మియం దీనికి అదనం. 16 కిలోల పిల్లాడికైతే 40 గ్రాములకే కోటా నిండుతుంది, అంటే నాలుగైదు ఆయిస్టర్లు. మీ రాళ్ల మీద పెరిగినవాటికి ఆ హద్దు కూడా వర్తించదు. వాటిని ఎవరూ పరీక్షించి వదల్లేదు కదా.

హద్దు దాటిన మరుక్షణం విషం ఎక్కుతుందని కాదు. అది జీవితాంతం వారం వారం తినేవాళ్ల కోసం వేసిన గీత. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల బృందం 2010లో వేసిన గీత ఇంకాస్త ఉదారంగానే ఉంది, నెలకి కిలోకి 25 మైక్రోగ్రాములు. నిపుణుల మధ్యే రెండు రెట్లకి పైగా తేడా ఉందన్నమాట. అయినా ఎవరి లెక్క తీసుకున్నా పండక్కోసారి తినడం వేరు, వారం వారం అదే రాయి మీద గీక్కొచ్చి తినడం వేరు.

పీతల మాట మర్చిపోతానేమో, ఇక్కడే చెప్పేస్తాను. డొప్ప తెరవగానే లోపల గోధుమ రంగులోనో ఆవ రంగులోనో మెత్తగా ఉంటుందే, చాలామంది వేలితో తీసుకుని మరీ తినేది, అది దాని జీర్ణగ్రంథి. కాడ్మియం గూడు అదే. కాళ్లలో, డెక్కల్లో ఉండే తెల్ల మాంసంలో అంత ఉండదు. ఉడికించక ముందే ఆ గోధుమ భాగం తీసేయండి. డొప్పతో సహా ఉడికిస్తే అందులోంచి కొంత నీళ్లలోకీ తెల్ల మాంసంలోకీ దిగుతుంది.

ఆయిస్టర్ల పచ్చదనానికి రెండు కారణాలుంటాయి. ఫ్రాన్స్‌లోని మరెన్ ప్రాంతంలో ఒకరకం సూక్ష్మమైన నాచు తిని మొప్పలు పచ్చబడిన ఆయిస్టర్లని మరీ వెతుక్కుని కొంటారు. దానివల్ల ఏ హానీ లేదు. తైవాన్‌లో 1986లో అర్‌రెన్ నది సముద్రంలో కలిసే దగ్గర కూడా ఆయిస్టర్లు పచ్చబడ్డాయి. అక్కడ కారణం రాగి, నది ఒడ్డున పాత లోహపు తుక్కు కరిగించే పనుల నుంచి వచ్చింది. కంటితో చూసి తేడా చెప్పడం నా వల్ల కాదు, మీ ఆయన వల్లా కాదు. పక్కన పడవల షెడ్డు ఉన్నచోట నేనైతే రాగినే అనుమానిస్తాను. పడవ అడుగున నాచు, గుల్లలు అంటకుండా వేసే రంగుల్లో రాగి ఉంటుంది. పచ్చగా ఉన్నవి తినకండి. పచ్చగా లేనివన్నీ మంచివే అనుకోవడానికి మాత్రం వీల్లేదు. కాడ్మియానికీ సీసానికీ రంగూ ఉండదు, రుచీ ఉండదు.

నా అసలు బెంగ ఆ షెడ్డే. పాత పడవని గీకేటప్పుడు రాలే పెచ్చుల్ని ఎప్పుడైనా చూశారా? ఎర్రటివి, ఆకుపచ్చవి, పొరలు పొరలుగా ఊడి నీళ్ల అంచున పడతాయి. పాత రంగుల్లో సీసం ఉండేది. అది ఒడ్డు బురదలో కలిసి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. పెద్ద వాన వచ్చినా, పడవ మోటారు తిప్పినా, తవ్వకం జరిగినా బురద లేస్తుంది. మసెల్స్ దాన్నే వడకడతాయి. సీసానికి ‘ఇంతవరకు పర్వాలేదు’ అనే గీతే లేదు. ఉన్న పాత గీతని ఆ ఉమ్మడి బృందమే 2010లో ఎత్తేసింది. పెద్దవాళ్ల పేగులు తిండిలోని సీసంలో పదో వంతు పీల్చుకుంటే చిన్నపిల్లల పేగులు సగం దాకా పీల్చుకుంటాయి. అది దెబ్బతీసేది ఎదిగే మెదడుని. కాబట్టి మీ బాబుకి ఓసారి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. ఇది నిజంగా పనికొచ్చే పరీక్ష. డెసీలీటరుకి 3.5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే ఎక్కడినుంచి వస్తోందో వెతకాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ అంటుంది. మీరు మీ డాక్టరుతో చెప్పి గర్భిణి పరీక్షలతో పాటే దీన్నీ చేయించుకోండి.

గర్భంతో ఉన్నప్పుడు అందరూ ముందు భయపడేది పాదరసానికి. ఆ విషయంలో గుల్లలు పెద్ద చేపలకన్నా చాలా నయం. చిన్న చేపల్ని తినే పెద్ద చేప, దాన్ని తినే ఇంకా పెద్ద చేప, ఇలా పైకి పోయేకొద్దీ మిథైల్ మెర్క్యురీ అనే పాదరసం రూపం పోగవుతుంది. నీళ్లు వడకట్టుకుని బతికేవి ఆ మెట్ల వరసలో అట్టడుగున ఉంటాయి. అమెరికా ఆహార ఔషధ సంస్థ గర్భిణులకి ఇచ్చే పట్టికలో ఆయిస్టర్లు, క్లామ్స్ అనే గుల్లలు, రొయ్యలు, పీతలు అన్నిటికన్నా మంచి ఎంపికల వరసలోనే ఉన్నాయి, వారానికి రెండు మూడుసార్లు తినొచ్చని. అయితే ఆ పట్టిక వేసింది పాదరసం లెక్కన, మార్కెట్లో దొరికే సరుకు గురించి. పాదరసం నేరుగా కలిసిన నీళ్లయితే ఈ మెట్ల లెక్క పనిచేయదు. జపాన్‌లోని మినమతా తీరంలో ఫ్యాక్టరీ నుంచి పాదరసం సముద్రంలో కలిసింది, జనం తిన్నది ఆ అఖాతంలోని చేపల్ని, గుల్లల్ని. దానివల్ల వచ్చిన జబ్బు 1956లో బయటపడింది. తల్లుల్లో లక్షణాలు పెద్దగా లేకపోయినా పుట్టిన బిడ్డల మెదడు దెబ్బతింది.

అత్తగారి మాట కొట్టిపారేయకండి. గుల్లల్లో ఐరన్, జింక్, బి12 బాగా ఉంటాయి. రక్తహీనత ఉన్నవాళ్లకి మంచి తిండే. చిక్కల్లా, ఒంట్లో ఐరన్ తక్కువగా ఉంటే పేగులు కాడ్మియాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి. రక్తం పట్టాలని తినేవాళ్లకే కాడ్మియం ఎక్కువ పడుతుందన్నమాట. ఆవిడతో వాదించకండి. ‘డాక్టరు ఐరన్ మాత్రలు మానొద్దన్నారు, ఈ గుల్లలు మాత్రం వేరే చోట నుంచి తెమ్మన్నారు’ అనండి. రెండూ నిజాలే.

లోహాలు ఏళ్లమీద చేసే చెడుపు ఇది. ఒక్కపూటలో ప్రాణం మీదికి తెచ్చేవి వేరే ఉన్నాయి, వాటి గురించి మీరు అడగనేలేదు. కొన్ని రకాల నాచు ఒక్కసారిగా పెరిగినప్పుడు గుల్లల్లో సాక్సిటాక్సిన్ అనే విషం చేరుతుంది. అదీ ఉడికిస్తే పోదు. తిన్న కాసేపటికే పెదాలు, నాలుక తిమ్మిరెక్కి, ముదిరితే ఊపిరి ఆగిపోతుంది. నీళ్లు మామూలుగా కనిపించినా ఇది ఉండొచ్చు. మురుగు కలిసే చోట గుల్లలైతే వైరస్‌లు. షాంఘైలో 1988లో సరిగా ఉడకని క్లామ్స్ తిని దాదాపు 3 లక్షల మందికి హెపటైటిస్ ఎ వచ్చింది. అందుకే మీరు కడుపుతో ఉన్నన్నాళ్లూ పచ్చివి, సగం ఉడికినవి అసలు వద్దు. ఆ తీరంలో గుల్లలు ఏరొద్దని మత్స్యశాఖో ఆరోగ్యశాఖో బోర్డు పెడితే దానికి మించిన సలహా నా దగ్గర లేదు.

డీటాక్స్ పౌడరు డస్ట్‌బిన్‌లో పడేయండి. డీటాక్స్ పేరుతో అమ్మే మట్టి పొడుల్లో కొన్నింటిలో సీసమే బయటపడింది. లోహాన్ని నిజంగా లాగే మందులున్నాయి, చిలేషన్ అంటారు. అవి ఒంటికి కావలసిన ఖనిజాల్ని కూడా లాగేస్తాయి. రక్తంలో సీసం ప్రమాదకరంగా పెరిగిన కేసుల్లో డాక్టరు దగ్గరుండి ఇచ్చే మందులవి, కడుపుతో ఉండగా ఎవరో చెప్పారని తాగేవి కావు. ముందు మందిచ్చి తర్వాత మూత్రం పరీక్షిస్తామనే చోటికి వెళ్లకండి. ఆ మందు ఎవరికిచ్చినా అంకె పెరిగే తీరుతుంది. మీ ఆయన సిగరెట్ తాగుతారో లేదో మీరు రాయలేదు. తాగితే మాత్రం ఆయన ఒంట్లోకి కాడ్మియం గుల్లల కన్నా పొగ ద్వారానే ఎక్కువ చేరుతూ ఉండొచ్చు.

పూర్తిగా మానేయాలా అన్నారు. మీరూ బాబూ ఆ రాళ్ల మీద తెచ్చినవి మానేయండి, ఈ రోజు నుంచే. గుల్లలు తినాలనిపిస్తే పరీక్షించిన నీళ్లలో పెంచి అమ్మేవి బాగా ఉడికించి తినండి. మీ ఆయనకి సరదా చంపుకోవాల్సిన పనిలేదు, చోటు మార్చుకుంటే చాలు. రేవులకి, పడవల షెడ్లకి, మురుగు కాలవలకి, పాత గనుల నుంచి వచ్చే ఏర్లకి దూరంగా, పెద్ద వాన పడ్డాక కొన్నాళ్లు ఆగి వెళ్లమనండి. ఆయనైనా నెలకి ఒకటి రెండుసార్లు చాలు. చుట్టూ ఫ్యాక్టరీలు లేవు కాబట్టి అంతా శుభ్రమేనన్న లెక్క కూడా పూర్తిగా నిలబడదు. కెనడా పశ్చిమ తీరంలో లోతు నుంచి సహజంగా పైకొచ్చే నీళ్ల వల్లే ఆయిస్టర్లలో కాడ్మియం ఎక్కువ ఉంటుంది.

‘నా రాళ్లకేం కాలేదు’ అని ఆయన మొండికేస్తే, పరీక్షే చేయించమనండి. ఒకే చోటివి ఓ ఇరవై మసెల్స్ ఉడికించకుండా చిప్పలతో సహా సంచిలో కట్టి ఐస్‌లో పెట్టి, ఆహార పరీక్షలు చేసే గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాలి. కాడ్మియం, సీసం, పాదరసం మూడూ చూడమనాలి. ఆయిస్టర్లకి ఇంకో సంచి, విడిగా. రిపోర్టు వచ్చాక ముందు చూడాల్సింది అంకె కాదు, అది తడి బరువు మీదా పొడి బరువు మీదా అన్నది. గుల్లల మాంసంలో దాదాపు ఎనభై శాతం నీళ్లే. పొడి బరువు మీద 5 అని వస్తే తడి మీద అది సుమారు 1. ఈ ఒక్క మాట చూసుకోక కొందరు అనవసరంగా బెంబేలెత్తుతారు. కొందరు తడి బరువు అంకెని పొడి బరువు పట్టికతో పోల్చుకుని నిశ్చింతగా తినేస్తారు. ఆ రిపోర్టు, ఐదు రోజుల పత్యం తర్వాత వచ్చిన ఆర్సెనిక్ అంకె, బాబు రక్తం రిపోర్టు, మూడూ నాకు రాయండి. ఈలోగా ఆదివారం సంచి ఆ షెడ్డు వైపు వెళ్లకుండా చూసే పని అత్తగారికి అప్పజెప్పండి. మనవడి రక్తంలో సీసం అన్న మాట ఆవిడ చెవిన వేస్తే చాలు.